స్వరం స్వరంగా గురుపూజ

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 1398లో నెలకొన్న సంగ్‌గ్యున్‌గ్వాన్ అనే రాజవిద్యాపీఠపు ఆవరణలో మున్‌మ్యో అనే కన్ఫ్యూషియస్ మందిరం ఉంది. ఏటా వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి అక్కడ జరిగే స్మారక కర్మను సొక్‌జొన్ అంటారు. ఆ మందిరంలో విగ్రహాలకు బదులు నామఫలకాలు ఉంటాయి. కన్ఫ్యూషియస్‌కూ, ఆయన మార్గాన్ని నిలబెట్టిన చైనా పండితులకూ, 18 మంది కొరియా విద్వాంసులకూ కలిపి మొత్తం 39 మందికి అక్కడ పూజ జరుగుతుంది.

ముందుగా ఆ పెద్దల ఆత్మలను ఆహ్వానించి, వస్త్రం సమర్పించి, మూడు విడతలుగా మద్యం నివేదిస్తారు. అందులో కొంత ప్రధానకర్త ప్రసాదంగా స్వీకరించాక, నైవేద్యపాత్రలు తొలగించి, ఆత్మలను సాగనంపి, ప్రార్థనాపత్రాన్ని దహనం చేస్తారు. ముఖ్యఘట్టాలన్నిటికీ నియత సంగీతం ఉన్నందున, వాద్యకారులూ నర్తకులూ పూజ చేసేవారితో సమానంగా ఈ కర్మలో భాగస్వాములే.

ఆక్ అనే ఈ ఆస్థాన కర్మసంగీతం కొరియాకు చైనా నుంచి వచ్చింది. 1116లో సోంగ్ చక్రవర్తి హ్విజోంగ్, నాటి కొర్యొ రాజ్యానికి వాద్యాలను పెద్దయెత్తున కానుకగా పంపాడు. లోహం, రాయి, పట్టు, వెదురు, సొరకాయ, మట్టి, తోలు, కర్ర అనే ఎనిమిది పదార్థాల నాదాలూ కలిస్తేనే సంగీతం సంపూర్ణమవుతుందన్నది దీని సిద్ధాంతం. ప్యొన్‌జోంగ్ అంటే చట్రానికి వేలాడే 16 కంచుగంటలు. అవన్నీ ఒకే పరిమాణంలో ఉన్నా మందాన్ని బట్టి స్వరం మారుతుంది. ప్యొన్‌గ్యొంగ్ అంటే మూలమట్టం ఆకారంలో చెక్కిన 16 రాతిపలకలు. ఎండకూ చలికీ వాటి శ్రుతి అంతగా చలించదు కనుక మిగతా వాద్యాలకు అవే ప్రమాణం. చుక్ అనే చెక్కపెట్టెను పైనున్న రంధ్రంలో నుంచి సుత్తితో మోదితే సంగీతం మొదలవుతుంది; పడుకున్న పులి ఆకారంలోని మరో వాద్యం తలపై చీల్చిన వెదురుకట్టతో మూడుసార్లు కొట్టి, వెన్నుమీది 27 పళ్ళ వెంట గీస్తే ముగుస్తుంది.

ఒక వాద్యబృందం మందిరపు అరుగు మీద, మరొకటి ముంగిట కూర్చుని ఘట్టాలను బట్టి వంతులవారీగా వాయిస్తాయి. ఒక్కో రచనలో ఉండేవి 32 స్వరాలే. నాలుగేసి స్వరాల పాదాలు ఎనిమిది. ఒక్కొక్క స్వరం కొన్ని క్షణాలపాటు నిలిచి, సుషిరవాద్యాల్లో చివరికి కొద్దిగా పైకి లేస్తుంది; గమకం తెలిసిన తెలుగు శ్రోత ఈ చిన్న కదలికను వెంటనే పోల్చుకోగలడు. పాదం ముగిసిన చోట డోలు మోగుతుంది. తొలిసారి వినేవారికి ఇది విసుగనిపించవచ్చు గాని, వినేవారిని ఉద్వేగపరచకుండా మనసును కుదుటపరచడమే ఈ సంగీతపు ధ్యేయం కనుక, ఆ నిదానం లోపం కాదు, దీని ప్రాణం.

వరుసల్లో నిలబడి చేసే నృత్యాన్ని ఇల్ము అంటారు. ఎనిమిదేసి మంది చొప్పున ఎనిమిది వరుసల్లో 64 మంది నిలుస్తారు. విద్యను కొనియాడే నృత్యంలో ఎడమచేత వేణువు, కుడిచేత నెమలిజాతికి చెందిన ఫెజెంట్ పక్షి ఈకలు కట్టిన కర్ర ఉంటాయి. శౌర్యాన్ని కొనియాడే నృత్యంలో డాలు, గొడ్డలి పట్టుకుంటారు. వంగడం, తిరగడం, చేతులెత్తి దించడం తప్ప వేరే విన్యాసాలు దాదాపు లేవు. ఎనిమిది వరుసలు పూర్వం చక్రవర్తికే చెల్లేవి. ఒక సామంత కుటుంబం తన ముంగిట వాటిని ఆడించినందుకు కన్ఫ్యూషియస్ ఆగ్రహించినట్లు ఆయన బోధల సంకలనం చెబుతుంది. అటువంటి గౌరవం ఆయనకే దక్కడం, విద్యను రాజ్యాధికారంతో సమానంగా నిలిపిన తీర్పు. తైవాన్‌లోని తైపే కన్ఫ్యూషియస్ మందిరంలో మాత్రం 36 మందే నర్తిస్తారు.

ఈ సంప్రదాయాన్ని పునరుద్ధరించినవారిలో 15వ శతాబ్దపు సేజోంగ్ రాజు, ఆయన ఆస్థాన విద్వాంసుడు పాక్ యొన్ ముఖ్యులు. 1433లో కొత్త రాతిపలకలను పరీక్షిస్తున్నప్పుడు ఒకదాని స్వరం కాస్త హెచ్చుగా ఉందని రాజు గుర్తించాడు; చూస్తే, అరగదీయడానికి గీసిన సిరాగీత ఇంకా చెరగలేదు. అంత శ్రద్ధతో చైనా పద్ధతిని నిలబెట్టిన రాజే, బతికినన్నాళ్ళూ స్వదేశీ సంగీతం విన్న పూర్వులకు మరణానంతరం పరాయి సంగీతం వినిపించడం తగునా అని ప్రశ్నించాడు. ఆయన కూర్చిన బోతేప్యొంగ్, జొంగ్‌దేఅప్ అనే సంగీతమాలికలను ఆయన కుమారుడు సేజో 1464లో రాజవంశపు పితృమందిరమైన జోంగ్‌మ్యోలో ప్రవేశపెట్టాడు; ఆ కర్మనూ సంగీతాన్నీ యునెస్కో 2001లో మానవాళి వారసత్వపు ఉత్తమ కృతిగా ప్రకటించింది. మున్‌మ్యోలో మాత్రం ఆక్ యథాతథంగా నిలిచింది. కొరియా రాజులకు కొరియా సంగీతమూ, చైనాలో పుట్టిన గురువుకు ఆయన దేశపు సంగీతమూ దక్కాయి.