తొలి టాకీల వైవిధ్యం: గోదావరి మండలం నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు టాకీల తొలి దశాబ్దాన్ని ‘పౌరాణికాలు, ఆపై సాంఘికాలు’ అనే క్రమంలో చెప్పడం పరిపాటి. ఈ విభజన ఆనాటి చిత్రాల వైవిధ్యాన్ని కప్పివేస్తోందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కాకినాడకు చెందిన సి. పుల్లయ్య చిత్రాలు, రాజమహేంద్రవరంలోని దుర్గా సినీటోన్, కాళ్ళకూరి నారాయణరావు నాటకం ఆధారంగా వచ్చిన ‘వరవిక్రయం’ ఇందులో ప్రధాన పరిశీలనాంశాలు.

కీలకపదాలు: తొలి టాకీలు, పద్యనాటకం, సి. పుల్లయ్య, దుర్గా సినీటోన్, వరవిక్రయం, పాటల పుస్తకాలు.

1. ప్రవేశం:

సినిమాపై పరిశోధన చేసే విద్యార్థి తొలి అధ్యాయంలో సాధారణంగా ఒక పట్టిక ఇస్తాడు. చిత్రం పేరు, సంవత్సరం, దర్శకుడు, చివరి గడిలో ‘పౌరాణికం’ అనో ‘సాంఘికం’ అనో ఒక మాట. 1932 నుంచి 1937 వరకు ఆ గడి నిండా దాదాపు ఒకే మాట ఉంటుంది. దాన్ని చూసి, ఆ రోజుల్లో సినిమా అంటే నాటకాన్ని కెమెరా ముందు ఆడించడమేననీ, వైవిధ్యం ‘మాలపిల్ల’ (1938) నాటికి గానీ రాలేదనీ తేల్చేస్తారు. గూడవల్లి రామబ్రహ్మం కృషిని తక్కువ చేయవలసిన పని లేదు. అయితే పట్టికలోని ఆ ఒక్క గడి కథ ఎక్కడిదో మాత్రమే చెబుతుంది. సినిమా ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, ఎవరి గొంతులతో, ఎంత నిడివిలో, ఎవరిని ఉద్దేశించి తీశారు అన్న విషయాలు అందులో ఇమడవు. తొలి టాకీలలోని భేదాలన్నీ అక్కడే ఉన్నాయి.

తేదీల విషయంలోనే మనం ఎంత తేలికగా నమ్మేస్తామో తొలి తెలుగు టాకీ ఉదంతం చెబుతుంది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు రాసుకున్నాం. రెంటాల జయదేవ ఆనాటి సెన్సారు వివరాలను, పత్రికలను పరిశీలించి, అది బొంబాయిలో 1932 ఫిబ్రవరి 6న విడుదలైనట్లు నిరూపించిన తరువాత గానీ ఆ పొరపాటు సర్దుకోలేదు. తేదీకి జరిగిన ఈ పునఃపరిశీలన వర్గీకరణకు కూడా జరగవలసి ఉంది.

2. శబ్దం వచ్చిన తీరు:

1927 అక్టోబరులో ‘ద జాజ్ సింగర్’ అమెరికాలో విడుదలయ్యాక శబ్దచిత్రం ప్రపంచమంతటా ఒకేసారి, ఒకే రూపంలో వ్యాపించలేదు. జపానులో తెర పక్కన నిలబడి కథ చెప్పే బెన్షీలకు ఎంతో ఆదరణ ఉండేది. అక్కడ 1930ల మధ్య వరకు మూకీలు వస్తూనే ఉన్నాయి. చైనా చిత్రాల్లో గొప్పదిగా చెప్పుకొనే ‘ద గాడెస్’ (1934) మూకీయే. ఐరోపాలో చిక్కు మరొక రకం. మూకీకి భాషతో పని లేదు, టాకీకి ఉంది. అందుకని పారమౌంట్ సంస్థ పారిస్ శివారులోని జాయిన్‌విల్ స్టూడియోలో ఒకే కథను అవే సెట్ల మీద, భాషకొక నటబృందంతో మళ్ళీ మళ్ళీ తీసింది. పొద్దున ఫ్రెంచి వారు దిగిన మెట్ల మీదనే సాయంత్రం స్పానిష్ వారు దిగేవారన్నమాట.

మన దేశంలో ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో విడుదలైంది. అదే ఏడాది అక్టోబరు 31న మద్రాసులో విడుదలైన ‘కాళిదాస్’లో తమిళంతోపాటు తెలుగు కూడా వినిపించింది. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ చిన్న వేషాలు వేశాడు. మూడు భాషల తొలి టాకీలలో ఒకే మనిషి కనిపించడాన్ని మనం విశేషంగా చెప్పుకొంటాం. ఆనాటి స్టూడియోల్లో భాషల మధ్య గోడలు ఎంత పలచగా ఉండేవో కూడా ఇది చెబుతుంది.

మాటలు, పాటలు చిత్రీకరణ సమయంలోనే రికార్డు చేయవలసి వచ్చేది. నేపథ్యగానం కలకత్తా న్యూ థియేటర్స్ చిత్రాలతో 1935లో మొదలైంది. తెలుగులో స్థిరపడడానికి మరికొంత కాలం పట్టింది. అంతవరకు పాడగలవాడే నటుడు. వాద్యబృందం కెమెరా చూపుకు అందకుండా దగ్గరలోనే కూర్చోవాలి. మైకు ఉన్న చోటు దాటి నటుడు కదలరాదు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకు అయిపోతుంది. రంగస్థలం మీద ‘వన్స్‌మోర్’ కొట్టించుకొని ఒకే పద్యాన్ని రాగాలాపనతో ఎంతసేపైనా సాగదీసిన నటుడికి ఇది కొత్త శిక్షణ. తొలి టాకీలలో నటులు కొయ్యబారినట్లు నిలబడి పద్యాలు పాడారని ఎగతాళి చేసే విమర్శకులు మైకును లెక్కలోకి తీసుకోరు.

3. కలకత్తాకు తరలిన సమాజాలు:

ధవళేశ్వరం ఆనకట్ట (1852) తరువాత డెల్టాలో పెరిగిన వరి సంపద పట్టణాలలో నాటకసమాజాలను పోషించింది. వీరేశలింగం 1880 నాటికే రాజమహేంద్రవరంలో నాటకాలు ఆడించాడు. చిలకమర్తి ‘గయోపాఖ్యానం’ అక్కడి రంగస్థలం కోసమే పుట్టింది. టాకీలు వచ్చేసరికి ఈ ప్రాంతంలో నటులు ఉన్నారు, పద్యాలు ఉన్నాయి, చూసే జనం ఉన్నారు. లేనిది శబ్దగ్రహణ యంత్రం ఒక్కటే. అది బొంబాయి, కలకత్తా, కొల్హాపురం వంటి చోట్ల ఉంది. మద్రాసు–హౌరా రైలుమార్గం సామర్లకోట, రాజమహేంద్రవరం మీదుగానే పోతుంది. గోదావరి వారికి కలకత్తా దగ్గరి దారి కావడంలో దీని పాత్ర కొంత ఉండి ఉంటుందని నా అభిప్రాయం.

కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీ బెంగాలీ, హిందీ చిత్రాలతోపాటు తమిళ, తెలుగు చిత్రాలు కూడా తీసింది. పైపైన చూస్తే ఇదీ జాయిన్‌విల్ వంటిదే అనిపిస్తుంది. కానీ జాయిన్‌విల్‌లో కథ ఒకటే, భాషలు పలు. కలకత్తాలో తెలుగువారికి స్టూడియో ఉమ్మడిదే గానీ కథ తమది, పద్యం తమది, నటులు తమవారు. 1933లో పుల్లయ్య తీసిన ‘సావిత్రి’కి మైలవరం బాలభారతీ సమాజం ఆడుతూ వచ్చిన నాటకం ఆధారం. వేమూరి గగ్గయ్య యముడి వేషం, రామతిలకం సావిత్రి వేషం తెరకెక్కినప్పుడు ప్రేక్షకులు చూసినది తమకు అలవాటైన నాటకకళనే. ఒక పరగణా రంగస్థలం మరో పరగణా యంత్రం దగ్గరికి వలస వెళ్ళి, డబ్బాలలో తిరిగివచ్చింది. ఏ సమాజం వెళ్ళిందన్నదాన్ని బట్టి చిత్రం మారుతుంది. కనుక ‘పౌరాణికం’ అన్న మాట కన్నా ‘ఏ సమాజం నాటకం’ అన్న ప్రశ్న పరిశోధకుడికి ఎక్కువ చెబుతుంది.

1936లో వచ్చిన రెండు ద్రౌపది చిత్రాలు ఇందుకు మంచి ఉదాహరణ. ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు కృష్ణుడు, కన్నాంబ ద్రౌపది. దానికి పోటీగా వచ్చిన ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు బళ్ళారి రాఘవ, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు, ద్రౌపది సురభి కమలాబాయి. మొదటిది గెలిచింది, రెండోది నిలవలేదు. పద్యం కన్నా భావప్రకటనకు పెద్దపీట వేసిన రాఘవ నటనాదృక్పథానికీ, పద్యగానం కోసం వచ్చిన ప్రేక్షకుడికీ మధ్య ఉన్న దూరం ఈ పోటీలో బయటపడిందని భావించవచ్చు. పట్టికలో మాత్రం రెండూ ఒకటే: ‘పౌరాణికం, 1936’.

4. సి. పుల్లయ్య చిత్రాలు:

చిత్తజల్లు పుల్లయ్య (1898–1967) మూకీల కాలంలోనే కాకినాడలో సొంత ఇంటి ఆవరణలో ‘మార్కండేయ’ చిత్రీకరించి, తానే యముడి వేషం వేశాడు. గుడారాలలో సినిమాలు ఆడించిన అనుభవమూ ఉంది. ప్రేక్షకుడు ఎక్కడ విసుగుపడతాడో, ఎక్కడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడో ఆయన గుడారంలో కూర్చొని నేర్చుకున్నాడు. పారుపల్లి సుబ్బారావు రాముడిగా, శ్రీరంజని సీతగా 1934లో వచ్చిన ‘లవకుశ’ ఘనవిజయం వెనుక ఆ అనుభవం ఉంది. ఈ కథనే ఆయన మళ్ళీ రంగులలో చేపట్టగా, కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చేసి 1963లో విడుదల చేశాడు. రెండవ ‘లవకుశ’ నీడలో మొదటిది మరుగున పడింది.

రూపవైవిధ్యం రీత్యా నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినవి 1936 నాటి ‘సతీ అనసూయ’, ‘ధ్రువవిజయం’. ఈ రెండు చిత్రాలనూ ఒకే ప్రదర్శనగా చూపించారు. అంతకన్నా విశేషం, రెండింటిలోనూ నటులు బాలబాలికలే. పశ్చిమగోదావరి ప్రాంతానికి చెందిన సి. కృష్ణవేణి అనసూయ వేషం వేసింది. అప్పటికి ఆమె పదకొండు పన్నెండేళ్ళ పిల్ల. పెద్దల పాత్రలన్నీ పిల్లలు వేసి, పిల్లల గొంతులతో పద్యాలు పాడినప్పుడు పాతివ్రత్యం, తపస్సు వంటి విషయాలు వేరే విధంగా వినపడతాయి. ఇది నాటకాన్ని యథాతథంగా చిత్రీకరించడం ఎలా అవుతుంది? ఒక చిత్రానికి ఇంత నిడివి ఉండాలన్న నియమం కూడా అప్పటికి గట్టిపడలేదని జంట ప్రదర్శన తెలుపుతుంది. 1930ల చివరలో పుల్లయ్య తీసిన ‘కాసులపేరు’, ‘చల్ మోహనరంగ’ వంటి పొట్టి హాస్యచిత్రాలు ఈ కోవలోనివే. అవి పౌరాణికాలు కావు. ‘సాంఘిక చిత్రోద్యమం’ అనదగిన బరువూ వాటికి లేదు. ఏ గడిలోనూ పట్టనందువల్లే సాహిత్యచరిత్రలు వాటిని వదిలేశాయి. రేలంగి వెంకట్రామయ్య వంటి హాస్యనటుడు ‘శ్రీకృష్ణ తులాభారం’ (1935)తో తెరకెక్కి, చాలాకాలం పుల్లయ్య వద్దనే పనిచేశాడన్న విషయాన్ని దీనికి జోడించి చూడాలి.

5. దుర్గా సినీటోన్:

1936లో నిడమర్తి సూరయ్య రాజమహేంద్రవరంలో దుర్గా సినీటోన్ స్థాపించాడు. దీన్ని దక్షిణ భారతదేశంలోనే తొలి స్టూడియోగా పేర్కొనడం తరచు కనిపిస్తుంది. మద్రాసులో ఎ. నారాయణన్ శ్రీనివాస సినీటోన్ 1934 నాటికే ఉన్నందున ఆ మాట నిలవదు. ‘ఆంధ్రప్రాంతంలో తొలి స్టూడియో’ అంటే సరిపోతుంది. అసలు ‘తొలి’ అన్న విశేషణం కోసం పోటీపడడంలో దాని ప్రాముఖ్యం మసకబారుతోంది. నాటకం ఆడే ఊరు, శబ్దం రికార్డయ్యే ఊరు, సినిమా చూసే ఊరు ఒకటి కావడం తెలుగు టాకీకి ఇక్కడే మొదటిసారి జరిగింది.

ఇక్కడ ఎస్.బి. నారాయణ దర్శకత్వంలో ‘సంపూర్ణ రామాయణం’ (1936) తయారైంది. తాడేపల్లిగూడెం దగ్గరి పెంటపాడుకు చెందిన పుష్పవల్లి ఇందులో బాల సీతగా తొలిసారి తెరపై కనిపించింది. కలకత్తాకు పిల్లను పంపడానికి వెనకాడే కుటుంబానికి రాజమహేంద్రవరం పొరుగూరే. స్టూడియో దగ్గరగా ఉండడం నటుల ఎంపికను ఎలా విస్తృతం చేస్తుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ కూడా ఈ కాలానిదే. ఈ ప్రయత్నాలు కొనసాగలేదు. స్టూడియోలు, లాబొరేటరీలు, పంపిణీ సంస్థలు మద్రాసులో ఒకచోట చేరడంతో తెలుగు సినిమా అక్కడ స్థిరపడింది. 1936 నాటికి ఆ ఫలితం ముందే నిశ్చయమైనదని అనుకోనక్కరలేదు.

6. వరవిక్రయం, పాటల పుస్తకాలు:

కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ నాటకం 1921 నాటిది. ఆయన 1927లో, టాకీలు రాకముందే, మరణించాడు. ఆయన ‘చింతామణి’ 1933లోనే తెరకెక్కగా, ‘వరవిక్రయా’న్ని పుల్లయ్య 1939లో ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీకి తీశాడు. కాళిందిగా భానుమతికి ఇది తొలి చిత్రం. కమలగా పుష్పవల్లి, సింగరాజు లింగరాజుగా బలిజేపల్లి లక్ష్మీకాంతం నటించారు. కట్నానికి అమ్ముడుపోయిన వరుడు కొన్నవారి సొత్తేనని వాదించి భర్తను కోర్టుకు రప్పించిన కమల కథ ఇది. ఇతివృత్తం సాంఘికం. రూపం పద్యనాటకం. తీసినది ‘సావిత్రి’ తీసిన దర్శకుడు, అదే స్టూడియో. పౌరాణికం నుంచి సాంఘికానికి మారడాన్ని తెగతెంపులుగా చెప్పే చరిత్ర ఈ చిత్రం దగ్గర తడబడుతుంది. ‘ప్రేమవిజయం’ 1936లోనే తొలి సాంఘికంగా వచ్చి ఆదరణ పొందలేదన్న విషయం ఇక్కడ పరిశీలించదగినది. పద్యనాటకపు వారసత్వంతో వచ్చిన ‘వరవిక్రయం’ మాత్రం ప్రేక్షకుల జ్ఞాపకంలో నిలిచింది.

‘భక్త ప్రహ్లాద’తో సహా తొలి టాకీలలో అనేకం నేడు చూడడానికి లభించవు. అందువల్ల రూపవైవిధ్యాన్ని నిరూపించాలంటే పాటల పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, పాత పత్రికల ప్రకటనలే ఆధారం. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల పాత పత్రికల సంపుటాలు ఉన్నాయి. సినిమాహాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకంలో కథాసంగ్రహం, పాటలు, పద్యాలు, పాత్రధారుల పేర్లు ఉంటాయి. దాన్ని మూలనాటకం ముద్రిత ప్రతితో పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ పద్యం నిలిచింది, ఏది రీలు నిడివికి లొంగక పోయింది, ఎక్కడ పాట కొత్తగా చేరింది అన్నది పంక్తి పంక్తికీ తెలుస్తుంది. నేపథ్యగానం లేని కాలం కనుక, పాట పక్కన ఉన్న పాత్ర పేరును పాత్రధారుల జాబితాతో సరిపోల్చుకుంటే పాడిన గొంతు ఎవరిదో కూడా ఆ పుస్తకమే చెబుతుంది.