లైవ్‌లో ధర్మవరం పట్టు: "డైరెక్ట్ మగ్గం ధర" అంటే ఎవరి మగ్గం?

ఈ ఎపిసోడ్‌లో పట్టుచీర గురించి మాట్లాడుకుందాం. "మాకెందుకు బ్రో, అమ్మకి లింక్ పంపిస్తాంలే" అనకండి. అమ్మ చూసే లైవ్ మన వైఫైలోనే, డబ్బులు పోయేది మన యూపీఐలోంచే. కాబట్టి కూర్చోండి.

ముందు ఒక పని చేయండి. ఫోన్ తీసి "ధర్మవరం పట్టు" అని కొట్టండి. పది సెకన్లలో ఒక లైవ్ వస్తుంది. వెనక చీరల గోడ, ముందు రింగ్ లైట్. "షాపుల్లో ఇరవై వేలు సిస్టర్స్, మన దగ్గర మూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదే! డైరెక్ట్ మగ్గం ధర! స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయండి, సింగిల్స్ కూడా ఇస్తాం!" కింద కామెంట్లలో నూటికి తొంభై మంది "ప్రైస్ ప్లీజ్" అని అడుగుతుంటారు. ధర ఇప్పుడే చెప్పారు కదా అంటే, అది వేరే చీరది. నచ్చిన చీర ధర మాత్రం ఇన్‌బాక్స్‌లోనే చెప్తారు. ఇన్‌బాక్స్‌లో ఎందుకో తెలుసా? మీ ప్రొఫైల్ ఫొటోలో కారు ఉందా, స్కూటీ ఉందా చూసుకోవడానికి కొంచెం టైమ్ కావాలి. ఎకనామిక్స్‌లో దీనికి పెద్ద పేరే ఉంది. మన భాషలో మనిషిని చూసి రేటు చెప్పడం.

ఇంకో రూల్ కూడా ఉంటుంది. పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయకపోతే రిటర్న్ లేదు. అంటే డబ్బులూ మనవే, సీసీ కెమెరా డ్యూటీ కూడా మనదే.

సరే, నవ్వుకున్నాం. ఇప్పుడు అసలు ప్రశ్న. "డైరెక్ట్ మగ్గం ధర" అంటున్నారు కదా, ఆ మగ్గం ఎవరిది?

ధర్మవరంలో ఎక్కువమంది నేతగాళ్లు కూలికి నేస్తారు. పట్టు, జరీ, డిజైను అన్నీ మాస్టర్ వీవర్ ఇస్తాడు. పడుగు ఎక్కించుకుని నేసి చీరలు తెచ్చి అప్పజెప్తే కూలి. మగ్గం ఇంట్లోదే, కష్టం ఇంటిల్లిపాదిదీ. భార్య కండెలు చుడుతుంది, పిల్లలు సాయం పడతారు. కానీ చీర మాత్రం నేసినవాడిది కాదు. తనది కాని చీరను ఫోన్ ముందు పెట్టి ఎట్లా అమ్ముతాడు? "నేరుగా నేతగాడి నుంచి మీ ఇంటికి" అనే వాక్యం అక్కడే తెగిపోతుంది.

సొంతంగా పట్టు కొనుక్కుని నేసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకి వేరే చిక్కు. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, మగ్గం త్రూపుట్ చాలా తక్కువ. డిజైన్‌ను బట్టి ఒక చీరకి కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాలు పడుతుంది. నెలంతా నేస్తే వచ్చేవి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లైవ్‌లో గంటకి యాభై చీరలు తిప్పి చూపించాలి, రేపు మళ్లీ కొత్తవి యాభై. రోజూ వీడియో పెట్టేవాణ్ణి అల్గారిదమ్ పైకి తోస్తుంది. మూడు వారాలకోసారి ఒక చీర చూపించేవాడు దానికి చనిపోయిన అకౌంట్ కిందే లెక్క. ఫోన్‌కి స్టాక్ కావాలి, మగ్గం దగ్గర స్టాక్ ఉండదు. స్టాక్ ఉండేది వ్యాపారి దగ్గర, లేదంటే పవర్‌లూమ్ దగ్గర.

2016లో ఒకే ఏడాదిలో యూపీఐ వచ్చింది, సెప్టెంబర్‌లో జియో వచ్చింది. ఇంకేముంది, దళారి పోతాడు, ఊళ్లో మనిషి నేరుగా అమెరికాకి అమ్ముకుంటాడు అన్నారు. 2020 లాక్‌డౌన్‌లో షాపులు మూతపడ్డాక లైవ్‌లు నిజంగానే చాలామందికి తిండి పెట్టాయి. కాదనను. కానీ దళారి పోలేదు, రింగ్ లైట్ కొనుక్కున్నాడు. అదే టైమ్‌లో చేసిన 2019-20 నాలుగో చేనేత సెన్సస్ ప్రకారం దేశంలో చేనేత మీద బతికేవాళ్లు 35 లక్షల పైన. నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతుల ఇళ్ల నెల రాబడి 5,000 రూపాయల లోపే. మళ్లీ చెప్తున్నా, మనిషికి కాదు, ఇంటికి.

ఇప్పుడు కొంచెం థియరీ. 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే ఎకనామిస్ట్ సెకండ్ హ్యాండ్ కార్ల మీద ఒక పేపర్ రాశాడు. 2001లో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పింది మన చీరకి అతికినట్టు సరిపోతుంది. లెక్క కోసం ఊరికే అంకెలు అనుకుందాం. చేనేత చీర విలువ 9,000, చూడ్డానికి అచ్చం అట్లాగే ఉండే పవర్‌లూమ్ చీర విలువ 3,000. స్క్రీన్ మీద రెండిటికీ తేడా తెలీదు. కొనేవాడు ఏం చేస్తాడు? "ఏదైనా రావచ్చు" అని మధ్యలో 6,000 ఇస్తానంటాడు. పవర్‌లూమ్ వాడికి పండగ. చేనేతవాడికి చీరకి 3,000 నష్టం, కాబట్టి మెల్లగా తప్పుకుంటాడు. అప్పుడు మార్కెట్లో మిగిలేదేంటి? 3,000 చీరే, 6,000 రేటుకి. మోసపోయామని తెలిసిన కస్టమర్ చివరికి అనేది, "ధర్మవరం పట్టంతా ఇంతేలే". ఊరి పేరు పాడు చేసింది ఒకరు, కూలి తగ్గేది ఇంకొకరికి.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం కింద ఇప్పుడు 11 రకాల బట్టలు చేతిమగ్గానికే కేటాయించారు. జరీ అంచు, బుటాలు లాంటి డిజైన్లున్న చాలా రకాల చీరలు అందులో వస్తాయి. వాటిని పవర్‌లూమ్ మీద నేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా మగ్గానికి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా మీద నేనేం కామెంట్ చేయను, లైవ్‌లో ఆ మొత్తం ఒక చీరకే వస్తుంది. దీని మీద ధర్మవరం నేతగాళ్లు ఏళ్ల తరబడి ధర్నాలు చేస్తూనే ఉన్నారు. ధర్మవరానికి జీఐ గుర్తింపు కూడా ఉంది. రిజిస్టర్ అయిన పేరు "ధర్మవరం చేనేత పట్టు చీరలు, పావడాలు". పేరులోనే చేనేత ఉంది, గమనించండి.

ఒక మాట ముందే చెప్తా, పవర్‌లూమ్ విలన్ కాదు. తక్కువ డబ్బులో మంచి చీర కట్టుకోవాలని అందరికీ ఉంటుంది. పవర్‌లూమ్ అని చెప్పి పవర్‌లూమ్ రేటుకి అమ్మితే గొడవే లేదు. ఆ చట్టం ఆపిన రకాలు కాకుండా ఉంటే చాలు.

మరి తేడా ఎట్లా తెలుసుకోవాలి? రీల్స్‌లో ఒకాయన దారం పీకి కాలుస్తాడు. వెంట్రుక కాలిన వాసన వస్తే "ఒరిజినల్ హ్యాండ్‌లూమ్" అని చప్పట్లు. ఆ వాసన పట్టుకి వస్తుంది. మగ్గం చేతిదా కరెంటుదా అనేది నిప్పుకేం తెలుసు? పట్టు దారం పవర్‌లూమ్ మీద కూడా నేయొచ్చు. సిల్క్ మార్క్ కథ కూడా అంతే. అది దారం స్వచ్ఛమైన పట్టు అని చెప్తుంది, చేత్తో నేశారని చెప్పదు. దానికి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంది, 2006లో వచ్చింది. సిల్క్ మార్క్ చూపించి "చూడండి సిస్టర్స్, ప్యూర్ హ్యాండ్‌లూమ్" అన్నారంటే, పదో తరగతి మెమో చూపించి డ్రైవింగ్ లైసెన్స్ అన్నట్టు.

కాబట్టి చేయాల్సింది ఇది. వాట్సాప్‌లో "ఇది చేనేతా, పవర్‌లూమా?" అని రాతలో అడగండి. వాయిస్ నోట్ వద్దు. బిల్లు మీద చేనేత అని రాసివ్వమనండి. నిజంగా చేనేత అయితే రాసిస్తారు. లేకపోతే "నెట్‌వర్క్ ఇష్యూ" వస్తుంది. రాసిచ్చి మోసం చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, చేతిలో కాగితం ఉంటుంది. ఇంకా నమ్మకం కావాలంటే ధర్మవరం రండి, రైల్వే జంక్షనే కదా. మగ్గం చూసి కొనుక్కోండి.

చివరగా ఒక విషయం. యూట్యూబ్‌లో "మగ్గం" అని వెతికి చూడండి. మగ్గం వర్క్ బ్లౌజులు వరదలా వస్తాయి. అది ఫ్రేముకి గుడ్డ బిగించి సూదితో కుట్టే పని, నేతతో సంబంధం లేదు. ఇప్పుడు పెళ్లిళ్లలో చాలాచోట్ల చీర కంటే బ్లౌజ్ ఖరీదు ఎక్కువ. దాని మీద ఎవరూ బేరం ఆడరు. నేతగాడి దగ్గర మాత్రం ఐదు వందలు తగ్గించమని అరగంట నిలబడతాం.

ఇంకోటి, మా వైపు పెళ్లిచూపుల్లో తరచుగా వినపడే మాట: "అబ్బాయి మగ్గం మీద ఉన్నాడా? వద్దులే." పెనుకొండ దగ్గర 2019లో కియా ప్లాంట్ మొదలైంది. మగ్గం గుంతలోంచి లేచిన కుర్రాడు అక్కడ షిఫ్ట్‌కి వెళ్తే సంబంధాలు వస్తాయి. పిల్ల తల్లిదండ్రులదీ తప్పు కాదు, ఇంటికి 5,000 అంటే ఎవరిస్తారు? కానీ అదే పిల్ల పెళ్లికి తలంబ్రాల చీర ధర్మవరానిదే కావాలి. నేసేవాడు వద్దు, నేసింది కావాలి. ఇట్లాగే పోతే ఇంకొన్నేళ్లకి లైవ్‌లో "డైరెక్ట్ మగ్గం ధర" అనడానికి అబద్ధం కూడా అక్కర్లేదు. మగ్గం ఎట్లుంటుందో గుర్తున్నవాళ్లే ఉండరు.

మీ ఇంట్లో లైవ్‌లో కొన్న చీర ఉంటే బిల్లు ఒకసారి తీసి చూడండి. అందులో చేనేత అనే మాట ఉందో లేదో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా.