తీరిక లేదంటే హక్కు తీరదు

ఎవరిని పలకరించినా 'తీరిక లేదు' అనే మాటే వినిపిస్తోంది. వ్యాపారికి దుకాణం, ఉద్యోగికి ఆఫీసు, విద్యార్థికి పరీక్షలు. ఇందులో నిజం లేకపోలేదు. ధర్మబద్ధంగా సంపాదించి కుటుంబాన్ని పోషించటాన్ని ఇస్లాం పుణ్యకార్యంగానే పరిగణిస్తుంది. అయితే మన కాలంలో తోటివారికి కూడా వాటా ఉందని, అది మనం దయతలచి ఇచ్చేది కాదు, వారి హక్కు అని కూడా ఆ ధర్మమే బోధిస్తోంది.

మహాప్రవక్త ముహమ్మద్ (స) మోసినన్ని బాధ్యతలు మనలో ఎవరికున్నాయి? అయిదు పూటలా నమాజు చేయించటం, తగాదాలు తీర్చటం, దూరప్రాంతాల నుంచి వచ్చే బృందాలతో మాట్లాడటం, యుద్ధాలు, ఒప్పందాలు, వీటికితోడు ఇంటి పనులు. అయినా, మీ సమయమంతా పురుషులకే సరిపోతోందని స్త్రీలు విన్నవించుకున్నప్పుడు ఆయన వారికోసం ప్రత్యేకంగా ఒక రోజు నిర్ణయించి ధర్మబోధ చేశారు.

మక్కాలో జరిగిన ఒక సంఘటన ఈ విషయంలో మనకు పెద్ద గుణపాఠం. ప్రవక్త (స) ఖురైష్ నాయకులతో ముఖ్యమైన సంభాషణలో ఉన్నారు. వారు విశ్వసిస్తే వారి వెనుక ఎందరో వస్తారని ఆయన ఆశ. అంతలో అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (ర) అనే అంధుడు వచ్చి తనకు బోధించమని కోరారు. మాటకు అంతరాయం కలగటంతో ప్రవక్త (స) నొసలు చిట్లించి ముఖం తిప్పుకున్నారు. చూపులేని ఆ మనిషికి అది కనిపించే అవకాశమే లేదు. కాని అల్లాహ్ చూశాడు. దివ్య ఖుర్ఆన్‌లోని 80వ సూరా 'అబస' అవతరించింది. లక్ష్యపెట్టని వారిపై శ్రద్ధ చూపి, తపనతో వచ్చినవాణ్ణి ఉపేక్షించటం తగదని అల్లాహ్ తన ప్రవక్తను హెచ్చరించాడు. ఆ సమయంలో ప్రవక్త (స) చేస్తున్నది సొంత పని కాదు, దైవకార్యమే! అయినా ఆ హెచ్చరిక తప్పలేదు. తరువాతి కాలంలో ఆ అంధుడే మదీనాలో బిలాల్ (ర)తోపాటు అజాన్ పలికారు. ప్రవక్త (స) ఊరు విడిచి వెళ్ళిన సందర్భాల్లో ఆయన ప్రతినిధిగానూ వ్యవహరించారు.

ఆరాధనలో మునిగిపోయామన్నా ఈ బాధ్యత తప్పదు. అబూ దర్దా (ర) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులో గడిపేవారు. భార్య బాగోగులు కూడా పట్టించుకునేవారు కాదు. ఆయన ఇంటికి వచ్చిన సల్మాన్ (ర) ఇది గమనించి, ఆయనచేత భోజనం చేయించారు, నిద్రపుచ్చారు. రాత్రి చివరి భాగంలో లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు, దేహానికి, ఇల్లాలికి ఎవరి హక్కు వారికి ఇవ్వాలని నచ్చజెప్పారు. ప్రవక్త (స) ఈ సంగతి విని, సల్మాన్ చెప్పింది నిజమేనన్నారు.

మస్జిదె నబవీని ఊడ్చే ఒక పేదరాలు మరణించినప్పుడు, ఇంత చిన్న విషయానికి ప్రవక్త (స)ను శ్రమపెట్టడమెందుకని సహచరులు ఆమెను ఖననం చేసేశారు. ఆమె కనిపించకపోవటం గమనించింది ప్రవక్త (స)యే. నాకెందుకు చెప్పలేదని అడిగి, సమాధి వద్దకు వెళ్ళి ఆమెకోసం ప్రార్థించారు.

మరి మన మాటేమిటి? నిరుడు జుమాలో మన పక్కన నిలబడిన ముసలాయన ఇప్పుడు సఫ్‌లో ఎందుకు లేడో ఎప్పుడైనా వాకబు చేశామా? కడప, కరీంనగర్, నిజామాబాద్ వంటి జిల్లాల్లో కొడుకులు గల్ఫ్‌కు వెళ్ళగా ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు ఎందరో! కొడుకు ఫోనులో పలకరించగలడు, డబ్బు పంపగలడు. అర్ధరాత్రి ఆయాసం వస్తే ఆసుపత్రికి తీసుకుపోవలసింది మాత్రం పొరుగువాడే. ఆ పొరుగువాడికి తీరిక లేకపోతే ఒక ప్రాణమే పోవచ్చు.

నేను జబ్బుపడితే నీవు ఎందుకు పరామర్శించలేదని ప్రళయదినాన అల్లాహ్ అడుగుతాడని, ఫలానా రోగి దగ్గరికి వెళ్ళి ఉంటే నన్ను అక్కడే పొంది ఉండేవాడివని అంటాడని హదీసు తెలుపుతోంది. అప్పుడు తీరిక లేదన్న జవాబు చెల్లుతుందా?

ఇందుకు గంటలు అక్కర్లేదు. రోగి దగ్గర ఎక్కువసేపు కూర్చోకపోవటమే మర్యాద. ఈ రోజు జుమా ముగిశాక సరాసరి దుకాణానికి వెళ్ళేముందు ఒక్క గడప తొక్కండి. సలాం చెప్పండి. మందులున్నాయో లేదో కనుక్కోండి. స్వస్థత కోసం దుఆ చేయండి. పొరుగువారు ఏ మతంవారైనా సరే! తనకు సేవలు చేసిన యూదు బాలుడు జబ్బుపడితే ప్రవక్త (స) స్వయంగా వెళ్ళి అతని తల దగ్గర కూర్చున్నారు.

కాలం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అందులో తోటివారి వాటాను వారికి చేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.