ఐర్లండు గాయని డోలోరెస్ ఓరియర్డన్

పాట పరదేశముదైనను కడుపుకోత పరాయిది కాదు. పరుల బిడ్డలకై గొంతెత్తిన యొక ఐర్లండు వనిత చరిత్రమును మా సోదరీమణులకు తెలుపుచున్నాము.

డోలోరెస్ ఓరియర్డన్ 1971వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదిని లిమరిక్ మండలమున బాలిబ్రికెన్ అను పల్లెయందు పేదకుటుంబమున కడగొట్టు బిడ్డగా జన్మించెను. చిన్ననాడే చర్చిలో పాడుచు స్వరజ్ఞాన మలవరచుకొనెను. 1990లో లిమరిక్ నగరమున ముగ్గురు యువకుల మేళమునకు గాయని కావలసి వచ్చెను. వారొసంగిన వరుసకు ఈమె పదములు కూర్చి తెచ్చి వినిపించెను. అదియే 'లింగర్' అను పాట. ఆ మేళమే 'క్రాన్‌బెరీస్'. గిటారులు ప్రధానముగా, వాడుకపడిన వరుసలను విడిచి పాడు ఇట్టి సంగీతమును ఆల్టర్నేటివ్ రాక్ అందురు. ఈమె తన పల్లెయాసను దాచలేదు. ఆ యాసయే ఆమెకు వన్నె తెచ్చినది.

ఉత్తర ఐర్లండు బ్రిటనుతో నుండుటకు సమ్మతింపని సాయుధదళము ఆ కాలమున ఇంగ్లండు నగరములందును బాంబులు ప్రేల్చుచుండెను. 1993 మార్చి 20వ తేదిని వారింగ్టన్ పట్టణపు బజారున రెండు బాంబులు ప్రేలెను. మరునాడు ఆ దేశమున మాతృదినోత్సవము. ఆ ఘాతమున 3 సంవత్సరముల బాలుడును, 12 సంవత్సరముల బాలుడును అసువులు బాసిరి. ఐర్లండు పేర జరిగిన యీ హత్యను ఐర్లండు బిడ్డయే నిరసించవలెనని తలచి డోలోరెస్ 'జాంబీ' అను గీతమును తానే రచించి 1994లో పాడెను. ఉత్తరపు రాజకీయము నెఱుగదని కొందఱు నిందించిరి. ఆమె వెనుదీయలేదు. ఆ పాటగల సంపుటము కోటికి మించి అమ్ముడుపోయెను.

కీర్తి వెనుక వేదనయు కలదు. బాల్యమున నాలుగేండ్లు తనపై సాగిన లైంగిక దౌర్జన్యమును 2013లో ఆమె లోకమునకు వెల్లడించెను. ముగ్గురు బిడ్డల తల్లి. వివాహబంధము 2014లో తెగిపోయెను. మనోవ్యాధియు బాధించెను. 2018 జనవరి 15వ తేదిని లండనులో, మద్యము మైకమున స్నానపుతొట్టిలో మునిగి, 46వ యేట ప్రమాదవశమున మరణించెను. ఆమె విడిచిన గానములను సహచరులు కుటుంబమువారి సమ్మతితో పూర్తిగావించి 2019లో వెలువరించి, మేళమును చాలించిరి.

తన గాయమును చెప్పుటకు ఆమెకు చాలకాలము పట్టెను. పరుల బిడ్డల చావునకు మాత్రము ఆమె వెంటనే గొంతెత్తెను. స్వజనుల తప్పును స్వజనుల యెదుట చెప్పగల ధైర్యము స్త్రీకి గలదని యీమె నిరూపించినది. ఆ ధైర్యమునే మనము స్మరింపవలెను.