పాత బంగారం ధరలో కోత ఎక్కడ పడుతుంది?

కోరుట్లలోనైనా, జగిత్యాలలోనైనా పాత గొలుసు అమ్మబోయేవాళ్లు దుకాణంలో ముందు చెప్పే మాట బరువు గురించే. "రెండు తులాలది" అంటారు. లెక్క తేడా అక్కడే మొదలవుతుంది. పాత లెక్కలో తులమంటే 11.664 గ్రాములు. ఇప్పటి బజారులో తులమంటే 10 గ్రాములు. పాత తులం లెక్కన అవ్వ చేయించుకున్న రెండు తులాల గొలుసు అరుగుదల పోను 23 గ్రాముల దగ్గర తూగాలి. "రెండు తులాలు, అంటే 20 గ్రాములు" అని మనమే ఒప్పుకుంటే మూడు గ్రాములు మాటలోనే పోతాయి. అందుకే అమ్మేటప్పుడు తులాలు పక్కనపెట్టి గ్రాముల్లోనే మాట్లాడాలి.

ఈ కథనంలో లెక్కలన్నింటికీ 24 క్యారెట్ల బంగారం గ్రాము ₹10,000 అనుకుందాం. సులువుగా ఉండడానికే ఈ గుండు అంకె. మీరు అమ్మే రోజు రేటు పెట్టుకుని ఇవే లెక్కలు మళ్లీ వేసుకోవచ్చు. 22 క్యారెట్లంటే 91.6 శాతం బంగారం. కాబట్టి 22 క్యారెట్ల గ్రాము ₹9,160.

సగానికి మించిన నష్టం కొన్న రోజే

20 గ్రాముల 22 క్యారెట్ల గొలుసు కొత్తగా కొన్నారనుకుందాం. తరుగు, మజూరి కలిపి 12 శాతం వేశారు.

బంగారం విలువ: ₹1,83,200
తరుగు, మజూరి: ₹21,984
జీఎస్టీ 3 శాతం: ₹6,156
కట్టిన మొత్తం: ₹2,11,340

మర్నాడే అవసరం పడి అదే గొలుసు అమ్మారు. రేటు మారలేదు. కరిగింపు కింద దుకాణం 2 శాతం, అంటే ₹3,664 తీసుకుంది. చేతికొచ్చింది ₹1,79,536. ఒక్క రోజులో ₹31,804 పోయింది. కట్టిన సొమ్ములో ఇది 15 శాతం.

"సేటు ముంచిండు" అనిపించడం సహజం. కానీ ఆ ₹31,804లో ₹28,140 కొన్న రోజే పోయింది. మజూరి పనితనానికి, జీఎస్టీ ప్రభుత్వానికి వెళ్లాయి. పాత బంగారం కొనే దుకాణానికి ఆ గొలుసు నగ కాదు, కరిగించాల్సిన లోహం. అమ్మే రోజు పడిన కోత ₹3,664 మాత్రమే. కరిగిస్తే పోయే పొల్లుకు, శుద్ధి ఖర్చుకు, మధ్యలో రేటు పడితే వచ్చే నష్టానికి దుకాణం కొంత పట్టుకోవడంలో తప్పు లేదు. ఒకే కోత రెండు పేర్లతో పడినప్పుడే అన్యాయం జరుగుతుంది.

ఒకే లోపానికి రెండు కోతలు

పాత నగ తీసుకుందాం. మొత్తం బరువు 20 గ్రాములు. రాళ్లు, గుండ్లలోని లక్క కలిపి గ్రామున్నర. మిగిలింది 18.5 గ్రాములు. పరీక్షిస్తే స్వచ్ఛత 88 శాతం వచ్చింది. ఇందులో అనుమానించాల్సిందేమీ లేదు. పాత నగల అతుకుల్లో తక్కువ రకం టంకం ఉంటుంది. 22 క్యారెట్లని చేయించినవి కూడా కరిగిస్తే 91.6 రాకపోవచ్చు.

సరైన లెక్క ఇది: 18.5 గ్రాముల్లో 88 శాతమంటే 16.28 గ్రాముల మేలిమి బంగారం. దాన్ని 24 క్యారెట్ల రేటుతో గుణిస్తే ₹1,62,800. కరిగింపు 2 శాతం తీస్తే ₹1,59,544.

కొన్ని చోట్ల లెక్క ఇలా సాగుతుంది: "88 శాతమే ఉంది, కాబట్టి 16.28 గ్రాములు. ఈ రోజు 22 క్యారెట్ల రేటు ₹9,160." గుణిస్తే ₹1,49,125. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ 22 క్యారెట్ల రేటులో 8.4 శాతం కోత ముందే ఉంది. ఇప్పటికే మేలిమికి దించిన బరువును మళ్లీ 22 క్యారెట్ల రేటుతో గుణించడమంటే ఒక్క లోపానికి రెండుసార్లు డబ్బు తీయడం. ఆ ఒక్క మెలికలో ₹13,675 పోయింది. దాని మీద "తరుగు" పేరుతో ఇంకో 5 శాతం తీస్తే చేతికొచ్చేది ₹1,41,669. సరైన లెక్కకూ దీనికీ తేడా ₹17,875.

గుర్తుంచుకోవాల్సింది ఇంతే. స్వచ్ఛత శాతం తీస్తే 24 క్యారెట్ల రేటు కట్టాలి. 22 క్యారెట్ల రేటు కడితే 91.6 కంటే ఎంత తగ్గిందో అంతే తీయాలి.

మిషన్ చూసేది పైపైనే

ఒకప్పుడు అవుసలాయన గీటురాయి మీద గీసి చెప్పేవాడు. ఇప్పుడు దుకాణాల్లో ఎక్స్-రే మిషన్ నిమిషంలో శాతం చూపిస్తుంది. నగ చెడదు, అదే దాని మేలు. అయితే అది చదివేది పైపొరనే. పైన మందంగా పూత ఉంటే ఎక్కువ, అతుకు మీద పెడితే తక్కువ చూపించవచ్చు. అందుకే ఒక్క చోట కాదు, మూడు నాలుగు చోట్ల చూపించమని అడగాలి. కచ్చితమైన తీర్పు కొలిమిదే. కానీ ఒకసారి కరిగాక మన చేతిలో గొలుసు ఉండదు, "అమ్మను, తిరిగిచ్చెయ్" అని వెనక్కి అడిగే బలం కూడా ఉండదు. ముందు రెండు చోట్ల మిషన్ మీద చూపించి, లెక్క రాయించుకుని, ఆ తర్వాతే కరిగించడానికి ఒప్పుకోవాలి.

దుకాణం మాటతో పని లేకుండా తేల్చుకునే దారి ఇంకొకటి ఉంది. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తింపు పొందిన హాల్‌మార్కింగ్ కేంద్రంలో ఎవరైనా తమ నగ పరీక్ష చేయించుకోవచ్చు. 2023లో బీఐఎస్ ప్రకటించిన రుసుము నాలుగు నగల వరకు ₹200. ₹17 వేల వాదన తీర్చడానికి ₹200 పెద్ద ఖర్చేమీ కాదు.

2023 ఏప్రిల్ 1 నుంచి ఆరక్షరాల గుర్తింపు కోడ్ అయిన హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగలను దుకాణాలు అమ్మకూడదు. ఈ నిబంధన దుకాణం అమ్మే నగలకే. మన ఇంట్లోని పాత నగ హాల్‌మార్క్ లేకపోయినా అమ్ముకోవచ్చు. "హాల్‌మార్క్ లేదు కాబట్టి సగం ధరే" అంటే అది చట్టం మాట కాదు, బేరం మాట. హెచ్‌యూఐడీ ఉన్న నగ అయితే బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొట్టి స్వచ్ఛత చూసుకోవచ్చు. రాసిన దానికంటే తక్కువ తేలితే, అమ్మిన నగల వ్యాపారి ఆ లోటు విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా ఇవ్వాలని 2018 బీఐఎస్ నియమాలు చెబుతున్నాయి. ఇంటి నగ అమ్మితే మన మీద 3 శాతం జీఎస్టీ కూడా పడదు.

875 ముద్ర ఉంటే

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు గల్ఫ్ నుంచి వచ్చిన బంగారం ఎక్కువ. అక్కడి దుకాణాల్లో 22తో పాటు 21 క్యారెట్ల నగలూ బాగా అమ్ముతారు. వాటి మీద 875 అని ఉంటుంది, అంటే 87.5 శాతం. అలాంటి 20 గ్రాముల గొలుసులో మేలిమి 17.5 గ్రాములు, విలువ ₹1,75,000. "ఇది 22 కాదు" అని 20 క్యారెట్ల కింద, అంటే 83.3 శాతంగా లెక్క కడితే ₹1,66,600 అవుతుంది. తేడా ₹8,400. కొలవకుండా కిందికి దించిన ఆ ఒక్క క్యారెట్ ఈ నగ విలువలో 4.8 శాతం తినేస్తుంది.

అమ్మడమా, కుదువ పెట్టడమా?

అవసరం ఆర్నెల్లదే, తర్వాత అలాంటి నగే మళ్లీ కొనాలంటే లెక్క మారుతుంది. మొదటి గొలుసునే చూడండి. అమ్మి, అదే రేటుకు మళ్లీ కొంటే ఖర్చు ₹31,804. దాన్నే బ్యాంకులో పెట్టి విలువలో 75 శాతం, అంటే ₹1,37,400 ఏడాదికి 12 శాతం వడ్డీకి తీసుకుంటే ఆర్నెల్ల వడ్డీ ₹8,244. వడ్డీ కట్టి విడిపించుకునే నమ్మకం ఉంటే కుదువే మేలు. ఆ నమ్మకం లేకపోతే వడ్డీ పెరిగి నగ వేలానికి పోయేకంటే సరైన లెక్కకు అమ్ముకోవడమే నయం.

మగ్గానికీ తుపాకీకీ లేని వెసులుబాటు

పాత వస్తువులన్నింటికీ ఇంత తేట లెక్క ఉండదు. సిరిసిల్లలో మరమగ్గం ధర దాని ఇనుములో లేదు, దాని మీద నేసే గుడ్డకు ఉన్న ఆర్డరులో ఉంది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డర్లు 2024 పండుగకు రాలేదు. పని ఆగితే మగ్గం అమ్మే ఆసామికి పాత ఇనుము వ్యాపారి కిలోల లెక్కే మిగులుతుంది. పక్క షెడ్డు కూడా ఖాళీగానే ఉంటే మగ్గాన్ని మగ్గంగా కొనేదెవరు?

లైసెన్సు తుపాకీ సంగతి ఇంకా ఇరుకు. 2019 ఆయుధ చట్ట సవరణ ఒకరి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. మూడోది ఏడాదిలోగా పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలంది. కొనడానికి అర్హులు లైసెన్సు ఉన్నవాళ్లే. ఆ గడువు తరుముతున్నప్పుడు కొనేవాళ్లు నలుగురే ఉంటే, డీలరు చెప్పిందే ధర అయ్యేది.

బంగారానికి మాత్రం రోజూ పేపర్లో రేటుంది, ₹200కు పరీక్ష ఉంది, అదే వీధిలో ఇంకో దుకాణముంది. ఆ బలం వాడుకోవాలంటే నాలుగు అంకెలు కాగితం మీద రాయించుకుంటే చాలు: రాళ్లు, లక్క తీసిన బరువు, స్వచ్ఛత శాతం, ఏ క్యారెట్ రేటు, కరిగింపు కోత. రాయనంటే గొలుసు తీసుకుని పక్క దుకాణం మెట్లెక్కొచ్చు. మగ్గం అమ్ముకునే ఆసామికి ఎక్కడానికి అలాంటి మెట్లు లేవు.