టి.వి.రావు (మనోవిజ్ఞాన ఆచార్యుడు)

టి.వి.రావు (టి.వెంకటేశ్వరరావు) భారతదేశంలో పారిశ్రామిక మనోవిజ్ఞానాన్ని తరగతి గది నుండి కర్మాగారానికి, కార్యాలయానికి తీసుకువెళ్ళిన ఆచార్యులలో ముఖ్యుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను, రాజస్థాన్‌లోని ఉదయపూర్ విశ్వవిద్యాలయంలోను బోధించిన తరువాత 1973లో అహ్మదాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌ (ఐ.ఐ.ఎం.)లో చేరి, 1994 వరకు అక్కడ ఆచార్యునిగా పనిచేశారు.

"మానవ వనరుల అభివృద్ధి" అనే మాట మనలో చాలామందికి ఒక కేంద్ర మంత్రిత్వ శాఖ పేరుగానే పరిచయం. 1985లో ఏర్పడిన ఆ శాఖకు తొలి మంత్రి వరంగల్ జిల్లా లక్నేపల్లిలో జన్మించిన పి.వి.నరసింహారావు. 2020లో ఆ శాఖ పేరు తిరిగి విద్యా మంత్రిత్వ శాఖగా మారినది. అయితే మంత్రిత్వ శాఖ ఏర్పడుటకు పదేళ్ళ ముందే ఇదే మాట ఒక ఇంజనీరింగు కంపెనీలో ఒక విభాగానికి పేరయినది. దాని వెనుక ఉన్న ఇద్దరు మనోవిజ్ఞాన అధ్యాపకులలో ఒకరు టి.వి.రావు, మరొకరు ఉదయ్ పరీక్ (1925-2010).

నేపథ్యం

ఈ శాస్త్రాన్ని బ్రిటనులో వృత్తి మనోవిజ్ఞానమని, అమెరికాలో పారిశ్రామిక, సంస్థాగత మనోవిజ్ఞానమని వ్యవహరిస్తారు. పని చేసే మనిషి ప్రవర్తన, ప్రేరణ, యోగ్యత దీని విషయాలు. తెలుగునాట దీనికి సంబంధించి ప్రపంచ ప్రసిద్ధి పొందిన ప్రయోగమొకటి 1964-65లో జరిగినది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ (సియెట్)తో కలిసి కాకినాడ వ్యాపారులకు "సాధన ప్రేరణ"లో శిక్షణ ఇప్పించారు. శిక్షణలో ఒక ఆట ఉండేది. కొయ్యమేకుకు వలయం వేయాలి. ఎంత దూరం నుండి వేయాలో ఆడేవారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గర నిలబడితే గెలుపుకు విలువ లేదు, మరీ దూరమైతే అది అదృష్టం మీద ఆధారపడినది. తన శక్తికి కొంచెం మించిన లక్ష్యాన్ని ఎంచుకొనే అలవాటును ఈ విధంగా నేర్పేవారు. ఈ ప్రయోగ ఫలితాలు 1969లో పుస్తకంగా వెలువడినవి. మనిషి ప్రేరణ పుట్టుకతో నిర్ణయమైపోదు, పెద్ద వయస్సులో కూడా పెంచవచ్చునన్నది దాని సారాంశం.

ఉదయ్ పరీక్ కూడా సియెట్‌లో పనిచేసినవారే. ఆయనతో టి.వి.రావు సాహచర్యం ఉపాధ్యాయ జీవితపు తొలి రోజులలోనే మొదలై దశాబ్దాల పాటు సాగినది. మనోవిజ్ఞాన, సామాజిక పరీక్షా సాధనాలను ఒకచోట కూర్చిన వీరి కరదీపిక 1974లో వెలువడినది. పారిశ్రామికవేత్తల అభివృద్ధిపై మరొకటి 1978లో వచ్చినది.

లార్సెన్ అండ్ టూబ్రో అధ్యయనం

1974లో లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ తన ఉద్యోగుల పనితీరు మదింపు పద్ధతిని పరిశీలించమని ఈ ఇద్దరినీ కోరినది. అడిగినది మదింపు పత్రం గురించి మాత్రమే. వీరు ఇచ్చిన సమాధానం అంతకంటే చాలా పెద్దది.

ఆ కాలపు పద్ధతిని తెలుసుకుంటేనే దీని ప్రాముఖ్యం అర్థమవుతుంది. స్టేషన్ ఘన్‌పూర్ వంటి మండల కేంద్రంలోని కార్యాలయమైనా, ఢిల్లీలోని సచివాలయమైనా, పై అధికారి ఏడాదికొకసారి క్రింది అధికారిపై "రహస్య నివేదిక" వ్రాసి పంపేవాడు. అందులో ప్రతికూల వ్యాఖ్య ఉంటేనే సంబంధిత అధికారికి తెలిపేవారు. మిగిలినదంతా మూసిన కవరు. ఏళ్ళ తరువాత పదోన్నతి రాకపోతే, కారణం ఆ కవరులోనే ఉండిపోయేది.

రావు, పరీక్ ఒకే పత్రంలో కలగలిసిపోయిన పనులను విడదీశారు. నిరుడు చేసిన పనిని అంచనా వేయడం ఒకటి. రేపటి పెద్ద బాధ్యతకు తగినవాడా అని చూడడం వేరొకటి. మంచి గుమాస్తా అయినంత మాత్రాన మంచి మేనేజరు కానక్కరలేదు గదా! వీటికి తోడు, అంచనాను ఉద్యోగితో ముఖాముఖి చర్చించే ఫీడ్‌బ్యాక్, కౌన్సెలింగ్, ఉద్యోగ జీవిత ప్రణాళిక, శిక్షణ. ఈ అయిదింటినీ చూసుకొనుటకు ప్రత్యేక విభాగం కావాలని సిఫారసు చేశారు. ఆ ప్రకారం 1975లో ఏర్పడిన విభాగాన్ని దేశంలో తొలి మానవ వనరుల అభివృద్ధి విభాగంగా పరిగణిస్తారు.

ప్రభుత్వ వ్యవస్థ మాత్రం చాలా ఆలస్యంగా మారినది. సరిహద్దు రహదారుల ఇంజనీరొకరికి ఒక ఏడాది నివేదికలో "గుడ్" అని వ్రాశారు. పదోన్నతికి "వెరీ గుడ్" అవసరం. "గుడ్" ప్రతికూల వ్యాఖ్య కాదు కనుక ఆయనకు ఎవరూ తెలుపలేదు, పదోన్నతీ రాలేదు. దేవ్ దత్ కేసుగా ప్రసిద్ధమైన ఈ వివాదంలో 2008లో సుప్రీంకోర్టు, ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలుపవలసినదేనని తీర్పు చెప్పినది. 2009లో కేంద్ర ప్రభుత్వం నివేదికను పూర్తిగా ఉద్యోగికి చూపించాలని ఉత్తర్వు ఇచ్చినది. లార్సెన్ అండ్ టూబ్రో విభాగం ఏర్పడిన నాటి నుండి లెక్కిస్తే 34 ఏళ్ళు.

సంస్థలు, తరువాతి కృషి

1983 నుండి 1985 వరకు జంషెడ్‌పూర్‌లోని ఎక్స్.ఎల్.ఆర్.ఐ.లో లార్సెన్ అండ్ టూబ్రో పేరిట నెలకొల్పిన ఆచార్య పీఠాన్ని రావు నిర్వహించారు. 1985లో ఏర్పడిన నేషనల్ హెచ్.ఆర్.డి. నెట్‌వర్క్‌కు ఆయనే వ్యవస్థాపక అధ్యక్షుడు. 1990లో అకాడమీ ఆఫ్ హెచ్.ఆర్.డి. స్థాపనలోను, 1996లో తన పేరిట శిక్షణ సంస్థ ఏర్పాటులోను పాలుపంచుకొన్నారు.

పై అధికారి ఒక్కడే కాక సహచరులు, క్రింది ఉద్యోగులు కూడా మేనేజరుకు అభిప్రాయం చెప్పే పద్ధతిని, నేడు "360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్" అని పిలిచేదానిని, 1980లలోనే ఐ.ఐ.ఎం. శిక్షణ తరగతులలో ప్రవేశపెట్టారు.

చాలా కంపెనీలు పాత సిబ్బంది విభాగానికి బోర్డు మార్చి సరిపెట్టుకొన్నవి. సెలవులు, జీతాలు, క్రమశిక్షణ చర్యలే అక్కడి పనులుగా మిగిలినవి. పేరుకు తగిన పని జరుగుతున్నదా అని పరీక్షించుటకు రావు "హెచ్.ఆర్.డి. ఆడిట్" అనే పద్ధతిని రూపొందించి, 1999లో దానిపై గ్రంథం ప్రచురించారు. పరీక్‌తో కలిసి 1981లో వ్రాసిన మానవ వనరుల వ్యవస్థల గ్రంథం మేనేజ్‌మెంట్ విద్యార్థులకు పాఠ్యపుస్తకమైనది.