పరుగు వేగమూ, చేతి వాచీ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో తెల్లవారకముందే గ్రౌండులో పరుగెత్తే అమ్మాయిలను మీరు చూసే ఉంటారు. మీ అమ్మాయే కావచ్చు. 2022 పోలీసు నియామకాల్లో తెలంగాణలో ఆడపిల్లలకు పెట్టిన పరుగు 800 మీటర్లు, గడువు 5 నిమిషాల 20 సెకన్లు. అంటే కిలోమీటరుకు 6 నిమిషాల 40 సెకన్ల వేగమన్నమాట. గడువు దాటితే అంతే సంగతులు.

అందుకని జీపీఎస్ వాచీ కొనిపెట్టమంటుంది. కొనండి, కాదనను. అయితే అది లెక్క కట్టే తీరు తెలుసుకోండి. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు టైము చెబుతూ ఉంటాయి. ఆ కబురు ఎంత ఆలస్యంగా అందిందో చూసి, కనీసం నాలుగింటి దూరాలతో వాచీ తన చోటు పోల్చుకుంటుంది. ఆ చుక్కలన్నీ మనం ముగ్గులో కలిపినట్టే కలిపి దూరం తేలుస్తుంది. చుక్క నాలుగైదు మీటర్లు పక్కకి పడిందా, ముగ్గు వంకరే! చెట్ల కింద, గోడల పక్కన, గ్రౌండు మలుపుల్లో మరీను.

780 మీటర్లకే వాచీ 800 అన్నదనుకోండి. మిగతా 20 మీటర్లకి ఇంకో 8 సెకన్లు కావాలి. ఇంట్లో గెలిచిన పిల్ల అక్కడ తప్పుతుంది.

కనుక రోడ్డు మీద దూరపు పరుగులకి వాచీ పెట్టుకోనివ్వండి. అప్పుడు కూడా క్షణక్షణం మారే అంకె కాదు, కిలోమీటరు సగటు చూడమనండి. 800 మీటర్లకి మాత్రం టేపుతో కొలిచి సున్నం గీత వేయించండి. ఫోనులో స్టాప్‌వాచీ పట్టుకుని మీరే నిలబడండి. 400 మీటర్ల చుట్టు 2 నిమిషాల 40 సెకన్లలోపు రావాలి, రెండోదీ అంతే.